మా గడపకు రాని బుట్ట – ఒక ఆత్మవిచారణ



గత సంవత్సరం అక్టోబరు మాసంలో ఒక సాయంకాలం మా మనుమరాలు బడి నుండి వచ్చి, భుజాన ఉన్న సంచి కూడా దింపకుండా వీథిగుమ్మం ముందే నిలబడి, తలుపును పైనుండి క్రింది వరకు పరిశీలనగా చూసి, "తాతయ్యా, ఇవాళ కూడా మనకు రాలేదు" అన్నది. ఏడేళ్ళ పసిబిడ్డ. ఆ స్వరంలో కోపం లేదు, ఫిర్యాదు లేదు. నిరీక్షణ మరొక దినం పొడిగింపబడినదన్న సమాచారం మాత్రమే ఉన్నది.

"ఏది రాలేదమ్మా?" అని అడిగాను. ఆ బిడ్డ చెప్పిన సమాధానం, ఆ తరువాతి రెండు వారాలలో నాలో జరిగిన మథనం, ఆ మథనంలో పైకి తేలిన ఒక పాత అపరాధస్మృతి – ఇవే ఈ వ్యాసానికి విషయం. తత్త్వజిజ్ఞాసువులు చదివే చోట ఒక పాశ్చాత్య దేశపు బాలక్రీడను గురించి వ్రాయడమేమిటని సహృదయులైన పాఠకులు అనుకోవచ్చును. చివరివరకు చదివిన పిమ్మట నిర్ణయించవలసినదిగా ప్రార్థన.

మా నివాసం అమెరికాలోని ఒహాయో రాష్ట్రంలో, కొలంబస్ నగరపు శివారులో. అంతకు ముందటి ఏడాది వసంతకాలంలో నా సహధర్మచారిణి పరమపదించింది. ఏకాకిగా మిగిలిన నన్ను మా అమ్మాయి ఆగస్టులో తన దగ్గరకు తీసుకొని వచ్చింది. వారు ఆ ఇంటిని కొని అప్పటికి రెండు మాసాలు మాత్రమే అయినది. మా వీథిలో మొత్తం 22 ఇళ్ళు. ముందర పచ్చిక, పచ్చిక నడుమ ఒక మేపుల్ వృక్షం, గుమ్మం ప్రక్కన ఒక దీపం – ఇంచుమించు ప్రతి గృహమూ ఇదే రూపం. ఆ వీథిలో నాకు ముఖపరిచయం ఉన్నవారు అనేకులు, నామపరిచయం ఉన్నవారు ఒక్కరైనా లేరు.

మనుమరాలు వివరించిన ఆచారం ఇది. హాలోవీన్ పండుగకు కొన్ని వారాల ముందు, ఎవరో ఒకరు ఒక చిన్న బుట్టలో మిఠాయిలు, చిత్రాల అతుకుడు కాగితాలు, చీకటిలో మెరిసే గొట్టాలు, రబ్బరు సాలీళ్ళు మొదలైనవి నింపి, చీకటి పడిన తరువాత పొరుగువారి గుమ్మం ముందు పెట్టి, గంట మ్రోగించి, కనబడకుండా పారిపోతారు. బుట్టలో భూతాకృతి చిత్రించిన ఒక కాగితం ఉంటుంది. దానిమీద 'బూ' అని వ్రాసి ఉంటుంది. పిల్లలు ఒకరినొకరు ఉలికిపడేట్లు చేయడానికి వాడే శబ్దం అది. బుట్ట అందుకొన్నవారు ఆ కాగితాన్ని తమ తలుపుకు అంటించాలి. 'మాకు అందినది, ఇక మరొకరికి ఇవ్వండి' అని దాని అర్థం. తరువాత ఒకటి రెండు దినాలలో వారు కూడా రెండు బుట్టలు సిద్ధం చేసి, ఇంకా కాగితం లేని రెండు గుమ్మాల ముందు రహస్యంగా ఉంచాలి. ఇచ్చినవారెవరో ఎప్పటికీ చెప్పకూడదు.

వినగానే నా మనస్సులో మెదిలిన పదం 'గుప్తదానం'. కుడిచేతితో ఇచ్చినది ఎడమచేతికి తెలియరాదని మన పెద్దలు చెప్పే దానం ఇదే కదా! దాత పేరు లేదు, ప్రత్యుపకారాపేక్ష లేదు. గ్రహీత కూడా వెంటనే దాతగా మారవలసిన ధర్మం ఒకటి దానికి జతపడి ఉన్నది. తలుపు తట్టి పారిపోయే పసివారి ఆటలో ఇంత ధర్మసూక్ష్మం ఇమిడి ఉండడం చూసి విస్మయం కలిగింది.

ఒకటి రెండై, రెండు నాలుగై, నాలుగు ఎనిమిదై సాగే పరంపర అది. గణితదృష్టితో చూస్తే అయిదు ఆవృత్తులు పూర్తయ్యే సరికి 31 గృహాలకు అందవలసినది. 22 ఇళ్ళ వీథికి అది చాలినంత కంటె అధికం. మనుమరాలు ప్రతి దినమూ బడి బస్సు దిగి వస్తూ తలుపులు లెక్కించేది. మొదటి వారంలో అయిదు. తరువాత పది. మాసం మూడవ వారానికి 18 తలుపులమీద తెల్లని కాగితపు భూతాలు వెలిశాయి. మిగిలినవి నాలుగు. ఒకటి వీథి చివర ఒక వృద్ధుడు ఒంటరిగా ఉండే ఇల్లు. ఒకటి రెండు మాసాల క్రితమే వచ్చి చేరిన ఒక కొత్త కుటుంబం ఇల్లు. ఒకటి అమ్మకానికి పెట్టిన శూన్యగృహం. నాలుగవది మాది.

ఆ సాయంకాలం నేను ఆ బిడ్డను ప్రక్కన కూర్చుండబెట్టుకొని ఉపదేశం ఆరంభించాను. బాహ్యవస్తువులమీద ఆశ దుఃఖహేతువనీ, ఇతరులు మనలను గుర్తించాలనుకోవడం అహంకార లక్షణమనీ, ఏదీ కోరనివాడే సుఖి అనీ బోధించాను. నా వాక్ప్రవాహం నాకే ముచ్చటగొలిపినది. వంటింటి నుండి మా అమ్మాయి వచ్చి, మెల్లగా, "నాన్నా, మీరు చెప్పేది నిజమే కావచ్చు. కానీ దానికిప్పుడు వైరాగ్యం కాదు కావలసింది, స్నేహితులు" అన్నది.

నేను మౌనం వహించాను. ఆ రాత్రి నిద్రపట్టలేదు. నేను బోధించినది వైరాగ్యమేనా? అనుభవింపదగిన వస్తువు ఎదుట ఉండగా దానియందు తృష్ణ లేకపోవడం వైరాగ్యం. అందనిదానిని తూలనాడడం 'ద్రాక్షపండ్లు పుల్లన' అన్న నక్క సంప్రదాయం. నిజం చెప్పవలసి వస్తే, ఉదయం నడకకు బయలుదేరినప్పుడు గుమ్మం దాటుతూ నేను కూడా మెట్లవైపు ఒకసారి చూస్తూనే ఉన్నాను. డెబ్బది దాటిన ఈ వృద్ధుడు ఆ బుట్ట కొరకు ఎదురుచూస్తున్నాడని ఒప్పుకొనడానికి వేదాంతం అడ్డుపడినది. వేదాంతం అడ్డుపడినదనడం కూడా సత్యం కాదు. వేదాంతమనే వస్త్రం కప్పుకొన్న దంభం అడ్డుపడినది.

మరి మా గడపను ఎందుకు దాటిపోయారు? గుమ్మానికి కట్టిన మామిడాకుల తోరణం చూసియా? బయట విడిచిన పాదరక్షల వరుస చూసియా? మా వర్ణం చూసియా? రాత్రి అనేక ఊహలు చేశాను. ప్రతి ఊహా ఎదుటివారి హృదయాన్ని నల్లగా చిత్రించినదే. నా వైపు చూసుకొనడానికి తెల్లవారవలసి వచ్చింది. అప్పుడు ముందటి ఏడాది జరిగినది జ్ఞప్తికి వచ్చింది.

ఈ ప్రాంతంలో పిల్లలు వేషాలు వేసుకొని ఇంటింటికీ తిరిగే సాయంకాలానికి 'బెగ్గర్స్ నైట్' అని పేరు. అంటే భిక్షుకుల రాత్రి. ఏ దినమో, ఏ వేళనో ఆయా పురపాలకులు ముందుగా ప్రకటిస్తారు. సామాన్యంగా సాయంత్రం 6 గంటల నుండి 8 గంటల వరకు. గుమ్మం ప్రక్కన దీపం వెలుగుతూ ఉంటే 'రండి' అని ఆహ్వానం. దీపం ఆర్పి ఉంటే 'మా ఇంటికి రావద్దు' అని సంకేతం. పిల్లలు ఆ సంకేతాన్ని శాసనంవలె పాటిస్తారు.

ముందటి సంవత్సరం ఆ రాత్రి మా ఇంట దీపం ఆర్పించినవాడను నేనే. ఇంటి ఇల్లాలు గతించి సంవత్సరం నిండలేదు, ఏటి సూతకంలో పండుగలు చేయరాదని చెప్పాను. అది చెప్పదగిన కారణమే. కానీ నా మనస్సులో దానితో పాటు మరొకటి ఉన్నది. అస్థిపంజరాలు, పిశాచాలు, సమాధిఫలకాలు – ఇవన్నీ తామసమని, వీటితో మనకేమి పని అని ఒక చులకన. పెరటివైపు గదిలో కూర్చొని ఉండగా, వీథిలో వచ్చే పసిపాదాల సవ్వడి మా గుమ్మం దగ్గరకు వచ్చి, ఒక్క క్షణం ఆగి, ముందుకు సాగిపోవడం వినబడుతూనే ఉన్నది. అప్పుడు మా మనుమరాలు కిటికీ తెర కొస పట్టుకొని నిలబడి ఉన్నది. నేను చూసి కూడా చూడనట్లు ఊరకున్నాను.

కనుక తలుపు మూసుకొన్నది మేము. తలుపు తట్టలేదని నొచ్చుకొన్నదీ మేమే.

తామసమని నేను త్రోసిపుచ్చిన ఆ పర్వం ఏమిటో తెలుసుకొనవలెనని అప్పుడు బుద్ధి పుట్టినది. హాలోవీన్ అనే పదం 'సకల పుణ్యపురుషుల పర్వదినానికి ముందటి సాయంకాలం' అనే అర్థం గల ఆంగ్లపదాల సంక్షిప్తరూపం. నవంబరు 1 పుణ్యపురుషుల స్మరణదినం. నవంబరు 2 గతించిన సమస్త జీవుల స్మరణదినం. అంతకు పూర్వం ఐర్లాండు, స్కాట్లాండు ప్రాంతాలలోని కెల్టిక్ జనులు పంటకాలం ముగిసి శీతకాలం ఆరంభమయ్యే సంధిలో సౌన్ అనే పండుగ చేసుకొనేవారు. ఇహపరాల మధ్య ఉండే తెర ఆ రాత్రి పలుచబడుతుందని వారి విశ్వాసం. 19వ శతాబ్దంలో వలస వచ్చిన ఐరిష్ ప్రజలతో ఆ ఆచారాలు అమెరికాకు చేరాయి. అక్కడ దుంపలను తొలిచి దీపాలు పెట్టేవారు. ఇక్కడ గుమ్మడికాయలు సమృద్ధిగా లభించడంచేత వాటికి ఆ గౌరవం దక్కినది. గుమ్మానికి బూడిద గుమ్మడికాయ కట్టి, కొత్తగా కట్టే ఇంటిముందు కోరలు గల దిష్టిబొమ్మను వ్రేలాడదీసే మనకు, ముఖం చెక్కిన గుమ్మడికాయ వింతగా తోచనక్కరలేదు.

మరొక విషయం నన్ను మరింత ఆలోచింపజేసినది. పూర్వం ఇంగ్లండులో ఈ దినాలలో పేదలు, పిల్లలు ఇంటింటికీ వెళ్ళి, ఆ ఇంట గతించినవారి ఆత్మశాంతికై ప్రార్థన చేస్తే, గృహస్థులు 'సోల్ కేక్' అనే చిన్న రొట్టెలు ఇచ్చేవారు. అంటే ఆత్మల పేర పెట్టే భక్ష్యం! గతించినవారి నిమిత్తం బ్రతికి ఉన్నవారి ఆకలి తీర్చడం. దీనికీ మనం మహాలయ పక్షంలో పితృదేవతల నిమిత్తం చేసే అన్నదానానికీ సిద్ధాంతంలో భేదాలు ఎన్ని ఉన్నా, హృదయంలో భేదం తక్కువ. మనకు భాద్రపద కృష్ణపక్షం, వారికి శరత్తు చివరి దినాలు. రెండూ వెలుగు తగ్గుతున్న కాలాలే. వెలుగు తగ్గినప్పుడు గతించినవారు జ్ఞప్తికి రావడం మనుష్యధర్మం కాబోలు.

భిక్షుకుల రాత్రి అనే పేరు తలచుకొన్నప్పుడు కఠోపనిషత్తు స్ఫురించినది. అందులో నచికేతుడనే బాలకుడు మృత్యువు గుమ్మం ముందు నిలబడ్డాడు. ఆ సమయంలో యమధర్మరాజు ఇంట లేడు. మూడు రాత్రులు ఆ బాలకుడు నిరాహారుడై వేచి ఉన్నాడు. తిరిగివచ్చిన యముడు ఏమి చేశాడు? పిలువకుండా ఎందుకు వచ్చావని అడుగలేదు. అతిథి ఆకలితో తన గడప ముందు గడపిన రాత్రులను తన దోషంగా స్వీకరించి, నమస్కరించి, ఒక్కొక్క రాత్రికి ఒక్కొక్క వరం చొప్పున మూడు వరాలు ఇచ్చాడు. ఆ మూడవ వరంగా లభించినదే ఆత్మవిద్య. సాధకులమైన మనం ఆ మూడవ వరం దగ్గరకు త్వరపడి వెళ్ళి, ఆ వరానికి మూలమైన గడపను మరచిపోతాము. గుమ్మం ముందు వేచి ఉన్న ఒక పిల్లవానిపట్ల మృత్యుదేవత చూపిన మర్యాద లేనిదే ఆ ఉపనిషత్తు ఆరంభమే కాదు. మృత్యువు వేషం వేసుకొని మా గుమ్మం ముందుకు వచ్చిన పిల్లలకు నేను దీపం ఆర్పాను. మృత్యువుకు ఉన్న ధర్మం నాకు లేకపోయినది.

ఈ ఆలోచన మరింత లోతుకు పోయి ఒక పాత గుమ్మం ముందు ఆగినది.

అది 1961వ సంవత్సరం. కృష్ణాతీరంలో మా గ్రామం. మా తండ్రిగారు అక్కడి బడిపంతులు. దసరా వచ్చిందంటే మాకు రంగు కాగితాలు చుట్టిన వెదురు విల్లులు చేయించి, మమ్మల్ని వరుసగా నిలబెట్టి, పద్యాలు పాడించుకుంటూ ఇంటింటికీ తీసుకొని వెళ్ళేవారు. పంతులుగారికి దసరా మామూలు, పిల్లలకు పప్పుబెల్లాలు. వేషం వేసుకొని ఇంటింటి గుమ్మం ముందు నిలబడి తీపి పుచ్చుకొనడం నాకు అమెరికాలో పరిచయమైనది కాదు. నా పదవ ఏటనే అనుభవైకవేద్యం. వేయించిన శనగపప్పు, బెల్లం కలిసిన ఆ రుచి ఇప్పటికీ నాలుకమీద ఉన్నది.

మా వీథి చివర ఒక ఇల్లు ఉండేది. అందులో భర్తృహీన అయిన ఒక వృద్ధురాలు ఉండేది. కొస ఇంటి మామ్మ అనేవాళ్ళం. చిన్నతనంలోనే భర్త పోయినాడట. మా వరుస ఆ ఇంటికి ముందటి ఇంటి వరకు వెళ్ళి, అక్కడనే వెనుకకు తిరిగేది. ఏ ఏటికా ఏడు అంతే. పండుగపూట ఆమె ఎదురు రావడం అశుభమని లోకం మాట. ఆ సంవత్సరం నేను వరుసలో చివరివాడను. కనుక అందరూ తిరిగిన తరువాత కూడా నా ముఖం ఒక క్షణం ఆ ఇంటివైపే ఉన్నది. తలుపు ఓరగా తీసి ఉన్నది. తలుపు వెనుక ఆమె. చేతిలో ఒక ఇత్తడి పళ్ళెం. పళ్ళెంమీద అరిటాకు. ఆకు ప్రక్కనుండి పప్పుబెల్లాలు కనబడుతున్నవి.

వస్తామని తెలియదు. రామని తెలుసు. అయినా సిద్ధం చేసి ఉంచినది.

"నాన్నగారూ, ఆ ఇంటికి వెళ్ళలేదేం?" అని అడిగాను. "అక్కడికి వెళ్ళకూడదు లేరా" అన్నారాయన, నా వైపు చూడకుండా. మా తండ్రిగారు కఠినహృదయులు కారు. నచికేతుని కథ నాకు మొట్టమొదట చెప్పినది ఆయనే. రాజమహేంద్రవరంలో వీరేశలింగం పంతులుగారు మొదటి వితంతు వివాహం జరిపించినది 1881లో. సరిగ్గా ఎనభై సంవత్సరాలు గడిచినా ఆ వెలుగు మా వీథి చివరి గుమ్మం దాకా ప్రసరించలేదు. ఉపనిషత్తు తెలిసినవారి ఇంటికీ, ఆ గుమ్మానికీ మధ్య దూరం ముప్పది అడుగులు.

ఈ సందర్భంలో ఒక మాట చెప్పకపోతే సత్యానికి అన్యాయం చేసినవాడనవుతాను. నా భార్య గతించిన తరువాత నేను కూడా విధురుడను. నన్ను ఏ శుభకార్యానికీ ఎవ్వరూ దూరంగా ఉంచలేదు. నేను ఎదురైతే అశుభమని ఎవ్వరూ దారి మార్చుకొనలేదు. వియోగం ఒక్కటే, విధి ఒక్కటే. ఆమెకు మూసుకొన్న వీథి నాకు తెరిచే ఉన్నది. ఆత్మకు స్త్రీపురుష భేదం లేదని ప్రవచనాలలో ఎన్నిసార్లు విన్నాను! ఆ సూత్రానికి పరీక్ష జరుగవలసిన స్థలం ప్రవచన వేదిక కాదు, గడప.

మరునాడు మనుమరాలితో "మనమే బుట్టలు పెడదామా?" అన్నాను. ఆ బిడ్డ న్యాయశాస్త్రం చదివినదానివలె, "కానీ తాతయ్యా, మనకు రాలేదుగా! వచ్చినవాళ్ళే కదా ఇవ్వాలి!" అన్నది. మీమాంసకులు 'అధికారి' ఎవరని విచారించినట్లు మేమిద్దరం విచారించాము. పుచ్చుకొన్నవాడు ఇవ్వవలెనన్నది నియమం. పుచ్చుకొననివాడు ఇవ్వరాదని నిషేధం ఎక్కడా లేదు. ఋణం తీర్చడానికి పూర్వం పుచ్చుకొని ఉండాలి. దానానికి ఆ అవసరం లేదు. "అయితే మనం ముందే ఇచ్చేద్దాం" అని ఆ బిడ్డ తీర్పు చెప్పినది. కాగితం లేని ఇళ్ళు, శూన్యగృహం పోగా, రెండు. బుట్టలు రెండు. నియమం కూడా సరిపోయినది.

బుట్టలు నింపడంలో కొంత శ్రమ ఉన్నది. కొన్ని మిఠాయిలలో జెలటిన్ అనే జంతుసంబంధ పదార్థం ఉంటుంది. అంగడిలో కళ్ళజోడు సర్దుకొని ప్రతి పొట్లంమీది సూక్ష్మాక్షరాలు చదివాను. వేరుశనగ వంటివి సరిపడని పిల్లలు ఇక్కడ ఉంటారని, అటువంటివారి కొరకు కొందరు నీలిహరిత వర్ణపు గుమ్మడికాయను గుమ్మం ముందు పెట్టి, తినుబండారాలకు బదులు ఆటవస్తువులు ఇస్తారని మా అమ్మాయి చెప్పినది. ఎవ్వరూ వెలితిపడకూడదనే ఆ శ్రద్ధ నాకు నచ్చినది. కొత్త కుటుంబం విషయంలో అమ్మాయి మరొక హెచ్చరిక కూడా చేసినది. "వాళ్ళ ధర్మం ఏమిటో మనకు తెలియదు నాన్నా. ఈ పండుగ వాళ్ళకు ఇష్టం లేకపోవచ్చు." కనుక ఆ బుట్టలో భూతపు బొమ్మ పెట్టలేదు. ఆపిల్ పండ్లు, రంగు పెన్సిళ్ళు, 'మా వీథికి స్వాగతం' అని మనుమరాలు వ్రాసిన కాగితం మాత్రం పెట్టాము.

చీకటి పడిన తరువాత బయలుదేరాము. వృద్ధుని ఇంటి గంట మ్రోగించి మనుమరాలు లేడిపిల్లవలె పరుగెత్తినది. నా మోకాళ్ళు పరుగుకు అంగీకరించవు. మేపుల్ చెట్టు వెనుక దాగాను. చెట్టు సన్నని చెట్టు, నేను అంత సన్నవాడను కాను. కానీ చీకటి దయ చూపినది. తలుపు తెరుచుకొన్నది. ఆయన బయటకు వచ్చి, ఇటూ అటూ చూసి, క్రిందికి చూసి, వంగి ఆ బుట్టను రెండు చేతులతో ఎత్తుకొన్నారు. వెంటనే లోపలికి వెళ్ళలేదు. దీపం క్రింద నిలబడి ఒక్కొక్క వస్తువే తీసి చూసి, తిరిగి అందులోనే పెట్టారు. ఆయన ముఖంలో నాకు ఎవరు కనిపించినదీ పాఠకులకు చెప్పనక్కరలేదు. మరునాటి ఉదయం ఆయన తలుపుమీద కాగితపు భూతం నిటారుగా, నాలుగు మూలలా అతికించబడి ఉన్నది. రెండవ బుట్ట ఏమైనదో మాకు తెలియదు. తెలియకపోవడమే గుప్తదాన లక్షణం.

మాకు బుట్ట వచ్చినదా? రాలేదు. చివరి దినం వరకు రాలేదు. కానీ ఆ బిడ్డ బస్సు దిగి తలుపు చూడడం మానివేసినది. చీకటిలో తాతయ్య చెట్టు వెనుక దాగిన కథను మళ్ళీ మళ్ళీ చెప్పించుకొనడంలో మునిగిపోయినది.

భిక్షుకుల రాత్రి వచ్చినది. సాయంత్రం 6 గంటలకు నా చేతితోనే గుమ్మం దీపం వెలిగించి, కుర్చీ వేసుకొని, పాత్ర నిండా మిఠాయిలతో కూర్చున్నాను. చాలాసేపు ఎవ్వరూ రాలేదు. వీథికి ఆవలివైపు నవ్వులు వినబడుతున్నవి. కొస ఇంటి మామ్మ తలుపు వెనుక నిలబడిన కాలం ఎంత దీర్ఘమైనదో ఆ నిమిషాలలో నా శరీరానికి తెలిసినది. తరువాత ఒక బాలిక దూరంనుండి మా దీపం చూసి, తల్లి చెయ్యి లాగి, మా దారిలోకి మళ్ళినది. ఆ వెనుక ఇంకొందరు. కపాలపు ముసుగు, నల్లని అంగీ, చేతిలో రేకు కొడవలితో మృత్యుదేవత స్వయంగా వచ్చి నా ఎదుట నిలిచాడు. మూడున్నర అడుగుల ఎత్తు. ఊపిరి ఆడక ముసుగు పైకెత్తితే, చీమిడి ముక్కుతో అయిదేళ్ళ పసివాడు. రెండు గుప్పెళ్ళ నిండా పెట్టాను. మనస్సులో నమస్కరించాను.

ఒక తల్లి దారిలో నిలబడి నాతో మాట కలిపినది. "ఈసారి మీ దీపం చూసి పిల్లలు ఎంతో సంతోషించారు. పోయిన ఏడు ఆర్పి ఉన్నది కదా, ఈ పండుగ మీకు సమ్మతం కాదేమో, మిమ్మల్ని ఇబ్బంది పెట్టకూడదని మా ఇళ్ళలో అనుకొన్నాము. బుట్టలు కూడా అందుకే పెట్టలేదు" అన్నది.

నేను చాలాసేపు ఆ మాటను మననం చేశాను. మసకవెలుతురులో త్రాడును చూసి సర్పమని భ్రమించడం వేదాంతంలో ప్రసిద్ధ దృష్టాంతం. వారి మర్యాదను నేను తిరస్కారమని భ్రమించాను. మా శోకాన్ని వారు అనిష్టమని భ్రమించారు. ఇరుపక్షాల మధ్య ఉన్నది ఆర్పిన దీపం ఒక్కటే. దీపం వెలిగినప్పుడు సర్పం ఎక్కడికీ పారిపోలేదు, అది ఎన్నడూ లేదు. కొత్త కుటుంబం ఇంట ఆ రాత్రి దీపం వెలగలేదు. అది వారి ధర్మమని గౌరవించాను. అయితే గౌరవమూ, ఉపేక్షా వెలుపలినుండి చూస్తే ఒకే రూపంలో ఉంటాయి. కనుక గౌరవించి దూరంగా ఉన్నవాడు ఎప్పుడైనా ఒకసారి నోరు తెరిచి పలుకరించడం కూడా ధర్మమే.

కానీ మామ్మ విషయంలో ఈ భ్రమసిద్ధాంతం చెల్లదు. ఆమె తలుపు తీసి ఉంచినది. పళ్ళెం పట్టుకొని ఉన్నది. సంకేతం స్పష్టం. చూసి కూడా మేము మళ్ళిపోయాము. అక్కడ సర్పం నిజంగానే ఉన్నది. అది ఆమె గుమ్మంలో లేదు, మా వరుసలో ఉన్నది. ఆ దోషానికి అజ్ఞానమని పేరు పెట్టి తప్పించుకొనలేను. వరుసలో చివరివాడను, పది అడుగులు వేస్తే చాలు. వేయలేదు.

మొన్నటి మహాలయ అమావాస్యనాడు పెరటిలో తర్పణం విడిచాను. తల్లిదండ్రులకు, తాతముత్తాతలకు, నా సహధర్మచారిణికి విడిచిన తరువాత, కారుణ్య తర్పణాల దగ్గర చేయి ఆగినది. ఆమె గోత్రం తెలియదు. పేరు కూడా తెలియదు. పది సంవత్సరాలు ఒకే వీథిలో ఉండి పేరు తెలుసుకొనలేదు. ఎవ్వరూ లేనివారికి కూడా తిలోదకం విడువవలెనని విధించిన మన ఋషుల కారుణ్యానికి మనస్సులో ప్రణమిల్లి, 'కొస ఇంటి మామ్మ' అనే తలచుకొని నీరు విడిచాను. అరువది సంవత్సరాలు ఆలస్యంగా ఆ గుమ్మం ముందుకు వెళ్ళినట్లయినది.

ఇప్పుడు నవరాత్రులు జరుగుతున్నవి. ఇక్కడ వెదురు దొరకడం సులభమే, మొక్కలకు ఊతంగా పెట్టే సన్నని కర్రలు అంగడిలో అమ్ముతారు. మనుమరాలి కొరకు ఒక విల్లు కట్టి, రంగు కాగితం చుడుతున్నాను. ప్రక్క ఇళ్ళ పిల్లలు ఇద్దరు చూసి తమకూ కావాలన్నారు. మొత్తం మూడు విల్లులు. పప్పుబెల్లాలు డబ్బాలో సిద్ధంగా ఉన్నవి. దసరానాడు వరుస ఏ ఇంటినుండి మొదలుపెట్టాలని మనుమరాలు అడిగినది. వీథి చివరి ఇంటినుండి అని చెప్పాను.

స్వస్తి.